పొద్దుండగానే దిగాలి

ఆ డిపోలో పగటి షిఫ్టు అంటే డ్రైవర్లందరికీ ఒళ్లుమంట. బారెడు పొద్దెక్కాక బస్సెక్కాలి, మార్కెట్టు రద్దీలో ఇంజను వేడికీ ఎండ వేడికీ మధ్య వేగాలి, స్కూళ్లు వదిలే వేళకి పిల్లల గోలంతా నెత్తికెత్తుకోవాలి. అదే తెల్లవారుజామునైతే రోడ్లు ఖాళీ, రాత్రయితే చల్లగాలి. అందుకే పగటి షిఫ్టు పేరెత్తితే ఒకడికి నడుంనొప్పి వచ్చేది, ఇంకొకడి అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు. ఒక్క డ్రైవరు మాత్రం ఏళ్ల తరబడి ఆ షిఫ్టునే అడిగి మరీ వేయించుకున్నాడు. తోటివాళ్లు అతనికి 'ఎండ డ్రైవరు' అని పేరు పెట్టారు. ఎందుకు బాబూ నీకీ పిచ్చి అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని భయం.

ఇంట్లోనూ అదే వరస. పొద్దుగూకితే అతను గడప దాటడు. ఎవరింట్లో విందున్నా పగలే వెళ్లి ముఖం చూపించి వచ్చేవాడు. సినిమాకి పోదామంటే తలనొప్పి, షికారుకి పోదామంటే కాళ్లనొప్పి. అతని భార్య కేకుల దుకాణంలో పనిచేస్తుంది. క్రీముతో కేకుల మీద పూలూ పేర్లూ దిద్దడం ఆవిడ పని. మాటని కూడా అంతే పొందిగ్గా దిద్దుతుంది. "మా ఆయన కోళ్లతో పాటే గూట్లో చేరతాడు. కాకపోతే కోళ్లు గుడ్లయినా పెడతాయి" అని దుకాణంలో అంటే అందరూ పగలబడి నవ్వారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అతనూ నవ్వాడు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో చెప్పాల్సి వస్తుంది.

సంగతేమిటంటే, అతనికి రేచీకటి.

మునిమాపు వేళ అందరికీ మసకగా కనిపించే లోకం అతనికి ఒక్కసారిగా నల్లగోడై నిలబడేది. ఇంట్లో అయితే మంచం నుంచి తలుపుకీ, తలుపు నుంచి కుళాయికీ కాళ్లకే దారి తెలుసు. బయట అలా కుదరదు. ఇది వంశంలో ఉన్నదే. అతని తండ్రి వడ్రంగి. మొదట్లో రాత్రిళ్లు గోడలు పట్టుకుని నడిచేవాడు. కొన్నేళ్లకి పగలు కూడా గోడే దిక్కయింది. చివరికి కొడుకు ఏ పక్కనుంచి పలకరించినా ముఖం ఇంకో పక్కకి తిప్పి నవ్వేవాడు. తండ్రి అలా అయిన వయసుకి ఇప్పుడు తను దగ్గరపడుతున్నాడు.

డిపోలో ఏటేటా కంటిపరీక్ష ఉండేది. దీపం వెలిగే బోర్డు మీద అక్షరాలు చదవమంటారు. అతను గడగడా చదివేసేవాడు. చీకట్లో ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. అడగని మాటకి జవాబు చెప్పకపోతే అది అబద్ధమెలా అవుతుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడట్లేదనుకుంటుందట. ఇతనిది దానికి తిరగేసిన వ్యవహారం. తనకి కనబడట్లేదన్న సంగతి ఎవరికీ కనబడదనుకున్నాడు.

కానీ ఈ మధ్య పగలు కూడా పక్కచూపు తగ్గుతోంది. ఎదురుగా ఉన్నది అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. పక్కన ఉన్నది మాత్రం నేరుగా ముందుకొచ్చాకే తెలుస్తుంది. ఒకరోజు మార్కెట్టు మలుపులో ఒక సైకిలు అలాగే ఊడిపడింది. బస్సంతా కేక వేసింది. అతను బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. సైకిలు మనిషి చక్రానికి జానెడు దూరంలో పడి, లేచి, మోకాలు తుడుచుకుని, తిట్టుకుంటూ పోయాడు. "కళ్లు నెత్తికెక్కాయి వాడికి" అన్నారు ప్రయాణికులు డ్రైవరు పక్షాన. అతనూ అవునన్నాడు. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఇలా ఉండగా బావమరిది వచ్చి కొండెక్కుదాం పదమన్నాడు.

బావమరిది వారమంతా ఫోన్ల షాపులో నిలబడి ఫోన్లు అమ్ముతాడు. సెలవు దొరికితే చాలు, వీపుకి సంచీ తగిలించుకుని ఏదో ఒక కొండ మీద తేలతాడు. అందుకే డ్రైవరు అతన్ని 'కొండముచ్చు' అని పిలుస్తాడు. ఆ రోజు భోజనాల దగ్గర కొండముచ్చు పట్టుబట్టాడు.

"ఈసారి నువ్వు తప్పించుకోలేవు బావా. శనివారం పొద్దున్నే బయల్దేరతాం. కొండ కింద డేరాలు వేసుకుంటాం, పైకెక్కి చూసి దిగుతాం, రాత్రి అక్కడే పడుకుంటాం. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం. అంతే."

"ఇంట్లో మంచాలకి కాళ్లు విరిగాయా, అడవికి పోయి నేల మీద పడుకోవడానికి?" అన్నాడు డ్రైవరు.

"చూశావా అక్కా, మొదలెట్టాడు."

చిన్న కూతురు కుర్చీ మీద లేచి నిలబడి "వెళ్దాం నాన్నా, వెళ్దాం నాన్నా" అని గంతులు మొదలెట్టింది. దాన్ని ఇంట్లో పిడుగు అంటారు. పెద్దదాన్ని అమ్మడు అంటారు. అమ్మడు ఎనిమిదో తరగతి. కొంచెం నెమ్మది. నడిస్తే కాలికేదో తగులుతుంది, చెయ్యి చాపితే గ్లాసేదో పడుతుంది, "చూసుకుని నడవవే" అని తల్లి చేత రోజూ అక్షింతలు వేయించుకుంటుంది. ఆ పిల్ల తలెత్తకుండా అంది:

"వదిలెయ్ మామయ్యా. నాన్న రాడు."

కోపంగా అనలేదు. కుళాయిలో ఇవాళ నీళ్లు రావు అన్నట్టు అంది. రెండేళ్ల కిందటిదాకా ఆ పిల్ల మెడ పట్టుకుని బతిమాలేది, రానంటే అలిగి పడుకునేది. ఇప్పుడు అడగడమే మానేసింది. భార్య వేసిన చురకలన్నీ నవ్వుతూ మింగిన మనిషికి ఆ ఒక్క మాట గొంతులో ఎముకలా అడ్డం పడింది.

"ఎందుకు రాను? వస్తాను" అన్నాడు.

కొండముచ్చు నోట్లో పెట్టుకున్నది నమలడం మర్చిపోయాడు. భార్య మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

"ఒక్కటే షరతు" అన్నాడతను. "కొండ మీంచి పొద్దుండగానే దిగాలి. ఆ తర్వాత మీ ఇష్టం, డేరా ముందు తెల్లార్లూ కూర్చోండి."

"అలాగే బావా. నువ్వెలా అంటే అలాగే" అన్నాడు కొండముచ్చు.

శనివారం వచ్చింది. డ్రైవరు ఎవరికీ చెప్పకుండా కొత్త టార్చిలైటు కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా బావమరిది కారు నడుపుతుంటే, పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. కొండ కింద వాగు, వాగు పక్కన చదునైన చోటు, దాని చుట్టూ నాలుగడుగుల ఎత్తు గడ్డి. కారు దిగగానే కొండముచ్చు అందరి ఫోన్లూ లాక్కుని కారు అరలో పెట్టి తాళం వేశాడు. రోజంతా ఫోన్లతో చచ్చేవాణ్ణి, ఇక్కడ వాటి మొహం చూపించకండి అన్నాడు.

డేరా వెయ్యడం పెద్ద యుద్ధమైంది. అంత పొడుగు బస్సుని ఇరుకు సందులో అవలీలగా తిప్పే మనిషి, వేలెడు రాడ్డుని గుడ్డలో ఉన్న బొక్కలో దూర్చలేక చెమటలు కక్కాడు. ఒకసారి డేరా మొత్తం కూలి అతని మీదే పడింది. లోపల్నుంచి "ఆగు, ఆగు, స్టాపొచ్చింది, దిగుతున్నా" అని అరిచాడు. అమ్మడు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. రాకుండా ఉంటే ఇది పోగొట్టుకునేవాణ్ణి కదా అనుకున్నాడు. వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, రొట్టెలూ ఉడకబెట్టిన గుడ్లూ తిన్నాడు, చెట్టు కింద కునుకు కూడా తీశాడు. ఆ కునుకులోనే ఆలస్యం జరిగిపోయింది. లేచేసరికి ఎండ పచ్చబడుతోంది.

"గంట ఎక్కడం, గంట దిగడం. బోలెడంత టైముంది" అన్నాడు కొండముచ్చు.

ఎక్కడం గంటలో అవలేదు. పిడుగు అడుగడుక్కీ ఆగింది. పురుగు కనిపిస్తే ఆగింది, పువ్వు కనిపిస్తే ఆగింది, ఏదీ కనిపించకపోతే కాళ్లు నొప్పులని ఆగింది. పైకి చేరేసరికి సూర్యుడు అవతలి కొండల నెత్తిన కూర్చుని ఉన్నాడు. పైన పెద్ద బండరాయి, బండ చుట్టూ గాలి, కింద లోయంతా బంగారపు రంగు. భార్య చెప్పులు విప్పి బండ మీద కూర్చుని "అబ్బ" అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ మాట లేకుండా అంతసేపు కూర్చోవడం అరుదు.

డ్రైవరు జేబులోంచి టార్చి తీసి నొక్కి చూశాడు. వెలగలేదు. మళ్లీ నొక్కాడు. పిడుగు వేలు నోట్లో పెట్టుకుంది.

"నాన్నా, నువ్వు నిద్రపోతుంటే డేరాలో దాంతో నీడల బొమ్మలు చేశా. ఆర్పడం మర్చిపోయి అలాగే నీ జేబులో పెట్టేశా. సారీ నాన్నా."

"పదండి, దిగుదాం" అన్నాడు.

"ఇప్పుడే కదా బావా ఎక్కాం! సూర్యాస్తమయం చూసి పోదాం. దాని కోసమే కదా వచ్చింది."

"పొద్దుండగానే దిగాలని ముందే చెప్పాను."

"ఎంతసేపండీ, కాసేపాగండి" అంది భార్య. "కొంపలేం మునిగిపోవు. తమ్ముడి దగ్గర టార్చి ఉంది."

"ఉంటే వాడి దగ్గర ఉంది! నా దగ్గర లేదు కదా!"

అంత గట్టిగా అరుస్తానని అతను కూడా అనుకోలేదు. కొండ ఆ కేకని తిరిగి అతనికే వినిపించింది. పిడుగు ఏడుపు ముఖం పెట్టింది. భార్య నిదానంగా ఇటు తిరిగి, "మీకు ఎక్కడం చేతకాదు, ఎక్కినవాళ్లని ఉండనివ్వడం చేతకాదు. పొండి. మేం చూసి వస్తాం" అంది.

"పోతాను" అని అతను లేచాడు.

అప్పుడు ఎవరూ అనుకోని పని ఒకటి జరిగింది. అమ్మడు కూడా లేచి చెప్పులు వేసుకుంది. "నేనూ నాన్నతో దిగుతా" అంది.

"నువ్వెందుకే? నాన్న వస్తున్నాడని సంబరపడింది నువ్వే కదా" అంది తల్లి.

"వెళ్తానమ్మా. ఇప్పుడే దిగాలి."

నన్ను ఒంటరిగా వదలడం ఇష్టంలేక వస్తోంది అనుకున్నాడు తండ్రి. నలుగురి ముందూ నా పక్షాన లేచి నిలబడింది అనుకున్నాడు. బండ దిగుతుంటే అంత దిగులులోనూ అతనికి ఒళ్లంతా వెచ్చబడింది.

పైన బండ మీద వెలుతురుంది కాబట్టి దారంతా ఉంటుందనుకున్నాడు. అక్కడే లెక్క తప్పింది. ఒక మలుపు తిరిగి చెట్ల కిందికి వచ్చేసరికి, ఎవరో స్విచ్చి ఆర్పినట్టు లోకం ఆగిపోయింది. కాసేపు దారి తెల్లటి చారలా ఉంది. తర్వాత ఆ చార కూడా లేదు. ఒక చేత్తో కొమ్మలు తడుముకుంటూ, చెప్పుతో నేల తడుముకుంటూ నడిచాడు. ఒక పక్క లోతు ఉందని ఎక్కేటప్పుడు చూశాడు. ఏ పక్కో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

"అమ్మడూ, నువ్వు ముందు నడువమ్మా" అన్నాడు. గొంతులో నవ్వు తెచ్చుకుని, "పెద్దదానివయ్యావు కదా, ఈసారి నువ్వు నాకు దారి చూపించు" అన్నాడు.

"వద్దు నాన్నా. నువ్వే ముందు నడువు."

"పర్లేదు, నడువు."

"నువ్వే నడువు నాన్నా, ప్లీజ్."

అతని చొక్కా అంచు వెనక బిగుసుకుంది. అమ్మడు గుప్పిట్లో పట్టుకుంది. అలా నాలుగడుగులు వేశారో లేదో అతని కాలి కింద రాళ్లు జారాయి. అతను పక్కకి ఒరిగి ఏదో వేరు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆ ఊపుకి వెనక అమ్మడు దేనికో ఠక్కున కొట్టుకుంది.

"ఏమైంది?"

"చెట్టు. నుదుటికి తగిలింది. నొప్పేం లేదులే."

"ఎదురుగా చెట్టుంటే చూసుకోవద్దా?" అన్నాడు. అనగానే ఆ మాట అతనికే వింతగా తోచింది. రోజూ ఇంట్లో వినిపించే మాట అది.

అమ్మడు చిన్న గొంతుతో అడిగింది. "నాన్నా, చీకటి పడితే అందరికీ ఇంతే కదా?"

"ఎంత?"

"అదే. ఏమీ కనపడదు కదా. మరి వాళ్లంతా ఎలా నడుస్తారో నాకర్థం కాదు. మామయ్యేమో నాకు పిరికితనం అంటాడు. అలవాటయితే వస్తుందేమో అనుకున్నా. స్కూలు వాళ్లు ఆ మధ్య చుక్కలు చూడ్డానికి తీసుకెళ్లారు కదా, అందరూ ఆకాశం నిండా చుక్కలున్నాయన్నారు. నాకు నాలుగో అయిదో కనపడ్డాయి. వాళ్లు కోతలు కోస్తున్నారేమో అనుకుని నేను కూడా ఆకాశం నిండా ఉన్నాయనే చెప్పా."

డ్రైవరు ఉన్నచోటే కూలబడ్డాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది ఇదే. దొర్లిపడిన గ్లాసులు, గుమ్మానికి కొట్టుకున్న భుజాలు, సాయంత్రం ఆటలకి పోకుండా పుస్తకం పట్టుకుని దీపం కింద చేరిన పిల్ల, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. చూడలేదా అంటే చూశాడు. ఆ అనుమానం ఎన్నోసార్లు మనసు గుమ్మం దాకా వచ్చింది. ప్రతిసారీ గడియ పెట్టేశాడు. ఇందాక ఈ పిల్ల తన వెంట వచ్చింది తన మీద ప్రేమతో కాదు. తనకి పుట్టిన భయమే దానికీ పుట్టింది.

"ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. తడుముకుని దాని చెయ్యి పట్టుకున్నాడు. "అందరికీ ఇలా ఉండదమ్మా. నాకు ఉంటుంది. మీ తాతకి ఉండేది."

"నీకు కూడా కనపడట్లేదా? ఇప్పుడు?"

"లేదు."

అమ్మడు ఊపిరి బిగబట్టడం అతనికి వినిపించింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. "మరి బస్సు?" అంది.

స్కూలు వదిలాక ఆ పిల్ల ఇంటికి వచ్చేది అతని బస్సులోనే. డ్రైవరు సీటు వెనకే నిలబడి, మా నాన్నే అని స్నేహితులకి చూపిస్తుంది.

"పగలు బాగానే కనిపిస్తుంది" అన్నాడు చివరికి. అంతలోనే సైకిలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. పైనుంచి మాటలు వినిపించాయి. పిడుగు ఏదో పాట పాడుతోంది. చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. అతను టార్చి వెలుగు కోసం చూశాడు. వెలుగు ఏదీ రాలేదు.

"ఇదేంటి, ఇక్కడ కూలబడ్డారు?" అంది భార్య గొంతు, పక్కనే. "ఇంకా ఇంత వెలుతురుంటే! ఈపాటికి డేరా దగ్గర టీ పెట్టి ఉంటారనుకున్నా."

ఇంత వెలుతురు! అతనికి ఆవిడ చీర రంగు కాదు కదా, మనిషి ఎక్కడుందో కూడా తెలియలేదు. కొండముచ్చు టార్చి వెలిగించవలసిన అవసరమే రాలేదు.

"నా కాలు బెణికిందమ్మా" అంది అమ్మడు గబుక్కున. "నడవలేకపోయా. అందుకని నాన్న ఆగాడు."

ఎంత చక్కగా అల్లింది! తడబాటు లేదు, ఆలోచన లేదు. నాన్న చేతిని గట్టిగా నొక్కి పెట్టింది, ఊరుకో అన్నట్టు. కళ్లతో పాటు ఈ విద్య కూడా నా దగ్గర్నుంచే వచ్చిందా అనుకున్నాడతను. నా వయసు వచ్చేదాకా ఇది ఇలా ఎంతమందికి ఎన్ని బెణుకులు చెప్పుకోవాలి?

"దాని కాలు బెణకలేదు" అన్నాడు. "నాకు కళ్లు కనపడట్లేదు. దానికీ కనపడట్లేదు."

కొండముచ్చు ముందు నవ్వాడు. "చాల్లే బావా, దిగడానికి కూడా కొత్త సాకు కనిపెట్టావా..." అని ఆగిపోయాడు. భార్య వంగి అతని ముఖం ముందు చెయ్యి ఆడించిందట. అతనికి తెలియలేదు. ఆవిడ లేచి అమ్మడి ముఖం ముందు కూడా ఆడించిందట.

దిగేటప్పుడు ఆవిడ అమ్మడి నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. మొగుడి చెయ్యి పట్టుకోలేదు. కొండముచ్చు పట్టుకున్నాడు. "ఇక్కడ మెట్టు బావా... ఇక్కడ వేరుంది, కాలు ఎత్తు" అని చెబుతూ దించాడు. ఒక్క హాస్యం కూడా ఆడలేదు. అతను హాస్యమాడితే బాగుండుననిపించింది డ్రైవరుకి.

డేరా దగ్గర మంట వేశారు. పిల్లలిద్దర్నీ లోపల పడుకోబెట్టి ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. మంట వెలుగులో ఆమె ముఖం కాస్త కనిపించింది. కనిపించకపోయినా బాగుండేది.

"ఎన్నాళ్లుగా?"

చెప్పాడు. ఏదీ దాచలేదు. తండ్రి సంగతి చెప్పాడు, కంటిపరీక్ష సంగతి చెప్పాడు, సైకిలు సంగతి కూడా చెప్పాడు. సైకిలు దగ్గర ఆవిడ కళ్లు మూసుకుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అతన్ని 'మీరు' అనడమే. ఆ పూట మొదటిసారి ఆ గౌరవం రాలిపోయింది.

"నీ బస్సులో నా పిల్లని ఎక్కించా. నువ్వున్నావు కదా, భయం లేదని ఎక్కించా. ఎవరి పిల్లలైనా పిల్లలే కదా, వాళ్లందర్నీ నువ్వు... ఏమనుకుని నడిపావు?"

"జీతం పోతుందని భయపడ్డా."

"నేను పనిచేయట్లేదా? నా చేతులు విరిగాయా? ఇన్నేళ్లు నేను నిన్ను కోడి అన్నాను, పిసినారి అన్నాను, నేనంటే ఇష్టంలేక బయటికి రాడనుకుని ఏడ్చాను. నవ్వావు కదా నువ్వు! పక్కన కూర్చుని నవ్వావు!" ఆవిడ మంటలోకి ఒక పుల్ల విసిరింది. "అది గ్లాసు పడేసినప్పుడల్లా నేను దాన్ని తిడుతుంటే, నువ్వు వింటూ కూర్చున్నావు. నీకు తెలిసి కూర్చున్నావు."



సోమవారం పొద్దున షిఫ్టు మొదలవకముందే అతను డిపో మేనేజరు గదికి వెళ్లి, నిలబడే చెప్పాడు. మేనేజరు ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, కుర్చీలోంచి లేచాడు. తిట్టలేదు. బస్సు తాళం ఇమ్మని చెయ్యి చాపాడు, అంతే. డ్రైవర్లు గుంపుగా నిలబడి చూశారు. పాపం అన్నవాళ్లున్నారు. "ఇన్నాళ్లూ మన ప్రాణాలతో కాదు, జనం ప్రాణాలతో ఆడుకున్నాడు" అని వినబడేట్టు అన్న ముసలి డ్రైవరూ ఉన్నాడు. పాపం అన్నవాళ్ల కంటే ఆ ముసలాయన మాటే అతనికి న్యాయంగా తోచింది. విచారణ అయింది, పరీక్షలయ్యాయి, చివరికి టైర్ల గోదాములో కూర్చోబెట్టారు. పెద్ద పెద్ద దీపాలు వెలిగే గోదాము. టైర్లు వస్తే దింపించడం, పోతే ఎక్కించడం.

కంటి డాక్టరు ఇద్దర్నీ చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూసింది. తండ్రిది ముదిరింది, కూతురిది ఇప్పుడిప్పుడే మొదలు అంది. పిడుగుకి ప్రస్తుతానికి ఏమీ లేదంది. వెనక్కి తిప్పే మందు తన దగ్గర లేదని, ఎంత వేగంగా పోతుందో ఎవరూ చెప్పలేరని, ఆరునెలలకోసారి రమ్మని చెప్పింది. అమ్మడు అన్నీ శ్రద్ధగా విని, ఒక్క ప్రశ్న అడిగింది. "ముందే వచ్చుంటే?"

"ముందే వచ్చినా ఇదే చెప్పేదాన్నమ్మా. కాకపోతే నిన్ను నువ్వు పిరికిదానివనుకునేదానివి కాదు."

బయటికొచ్చాక ఆ పిల్ల తండ్రితో మాట్లాడలేదు. కొండ మీద చేతిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్న పిల్లే. ఇంటికెళ్లి గది తలుపు వేసుకుంది. తలుపు అవతల్నుంచి ఒక్కటే మాట అంది. "నీకు తెలుసు. నాకు వస్తుందేమోనని ఒక్కసారి కూడా చూడలేదు." ఆ తర్వాత వారాల తరబడి ఆ ఇంట్లో మాటలన్నీ పిడుగు మీదుగానే నడిచాయి. నాన్నని భోజనానికి రమ్మను. అక్కకి చెప్పు, ఫీజు కట్టేశానని. పిడుగుకి ఈ ఉద్యోగం భలే నచ్చింది. తక్కినవాళ్లకి రోజులు కొండలయ్యాయి.

చలికాలం మొదలై పొద్దు త్వరగా వాలే రోజులొచ్చాయి. గోదాము మూసేసరికే చీకటి. అతను గేటు దీపం కింద బెంచీ మీద కూర్చునేవాడు. అటువైపు పోయే మెకానిక్కు ఎవరో ఒకరు ఇంటిదాకా దింపేవాడు. ఒక సాయంత్రం అలా కూర్చుని ఉంటే, వెన్నా పంచదారా కలిసిన వాసన వచ్చింది. తల ఎత్తాడు. భార్య. కేకుల దుకాణం నుంచి తిన్నగా వచ్చినట్టుంది. మోచెయ్యి ముందుకు పెట్టింది.

"పట్టుకో. కోపం పోయిందనుకోకు. ఆ మలుపులో పైపుల కోసం గొయ్యి తవ్వారు."

పట్టుకున్నాడు. ఇద్దరూ నడిచారు. గొయ్యి దగ్గర ఆవిడ అతన్ని పక్కకి లాగింది, కాస్త మోటుగానే.

"ఇవాళ అమ్మడు క్లాసులో చెప్పేసిందట" అంది. "తన కళ్ల సంగతి. నేను వచ్చి టీచరుకి చెబుతానంటే వద్దంది. తనే లేచి నిలబడి చెప్పిందట."

అతను నడక ఆపాడు. "ఏమన్నారట?"

"టీచరు బాగానే అంది. వెనక బెంచీవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారట. ఇంటికొచ్చి నాకు ఫోను చేసి ఏడ్చింది. ఇంకా ఏడుస్తూనే ఉంటుంది." సంచీ రెండో భుజానికి మార్చుకుంది. "నువ్వెళ్లి ఏదో ఒకటి చెప్పి ఓదార్చకు. నీ మాటలు ఇప్పుడు దానికి ఎక్కవు. ఊరికే పక్కన కూర్చో. పొమ్మన్నా కూర్చో."

"పొమ్మంటుందా?"

"అంటుంది" అంది ఆవిడ.

అతను తల ఊపాడు. ఇంటి సందు మొదట్లో వీధి దీపం కాలిపోయి ఉంది. ఆవిడ అడుగు నెమ్మది చేసింది. అతను ఆమె మోచెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, కూతురి గది తలుపు దాకా వెళ్లాలని నడిచాడు.